ఆడపిల్ల ఎక్కడి పిల్ల? – నరవానరాలు చెప్పేదీ, చెప్పనిదీ

మన పెద్దల నోట ఒక మాట తరతరాలుగా నలుగుతూ వస్తున్నది: "ఆడపిల్ల ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల." ఇక్కడిది కాదు, అక్కడిది అని భావం. కూతురిని అత్తవారింటికి సాగనంపే వేళ కన్నతల్లిని ఓదార్చడానికీ ఈ మాటే పనికివచ్చింది. ఆస్తి పంపకాల వేళ ఆ కూతురి నోరు మూయించడానికీ ఈ మాటే పనికివచ్చింది. శ్లేష చమత్కారంగానే ఉన్నది. కాని పాత నిఘంటువులు తిరగవేస్తే స్త్రీ అనే అర్థం గల 'ఆఁడు' మాటకు అరసున్న కనబడుతుంది. 'అక్కడ' అనే అర్థం గల 'ఆడ'కు కనబడదు. రెండింటికీ చుట్టరికం లేదు. అరసున్న మన రాతలోనుండి జారిపోయాక రెండు మాటలూ ఒకే రూపం దాల్చాయి. ఒక చిన్న సున్న పోయినందువల్ల ఆడపిల్ల పరాయి పిల్ల అయిపోదు గదా!

మాట బలం చాలనప్పుడు మనుషులు శాస్త్రాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. ఈ కాలంలో చదువుకున్నవారి నోట వినబడే వాదం ఇది: "మనిషికి అతి దగ్గర బంధువు చింపాంజీ. చింపాంజీలలో కూడ ఆడపిల్లే ఈడు రాగానే పుట్టిన గుంపును విడిచి వేరొక గుంపులో చేరుతుంది. మగపిల్లలు తండ్రుల నేలను కాచుకొని ఉంటారు. కనుక కూతురు వెళ్లడం, కొడుకు ఉండడం, పెత్తనం కొడుకుది కావడం ప్రకృతి ధర్మం." ఈ వాదంలో మొదటి సగం నిజం. అందుచేతనే రెండవ సగాన్ని జాగ్రత్తగా పరీక్షించవలసి ఉన్నది. సగం నిజం పూర్తి అబద్ధం కన్న ఎక్కువ కాలం బ్రతుకుతుంది.

ముందుగా ఒక మాట. తెలుగులో కోతి, కొండముచ్చు అనే పేర్లున్నాయి గాని, తోకలేని పెద్ద వానరాలకు ప్రత్యేకమైన పాత పేరు లేదు. అవి మన అడవులలో లేవు కనుక పేరు అవసరం పడలేదు. చింపాంజీ, బొనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్ – ఈ అయిదింటినీ నేను ఇక్కడ నరవానరాలు అంటాను. కోతులూ కొండముచ్చులూ వీటికి దూరపు దాయాదులు. ఈ తేడా మరచిపోవడం వల్లనే గత శతాబ్దంలో పెద్ద పొరపాట్లు జరిగాయి.

మొదటి పొరపాటు లండన్ జంతుప్రదర్శనశాలలో జరిగింది. 1925లో అక్కడ 'మంకీ హిల్' అనే కృత్రిమమైన గుట్ట కట్టి సుమారు నూరు హమద్ర్యాస్ బాబూన్లను వదిలారు. మగవాటినే తెద్దామనుకున్నారు, పొరపాటున కొన్ని ఆడవి కూడ వచ్చాయి. 1927లో మరో 30 ఆడవాటిని చేర్చారు. ఆడవాటి కోసం మగవి చేసిన పోరులో కొన్నేళ్లు తిరగకముందే ఆ ఆడవాటిలో అత్యధిక భాగం చచ్చిపోయాయి. ఈ గుట్టను పరిశీలించిన సోలీ జుకర్మన్ 1932లో ఒక గ్రంథం వెలువరించాడు. వానర సమాజమంటే మగదాని బలం, దాని కింద అణగి ఉండే ఆడది అనే చిత్రం ఆ గ్రంథంతో లోకానికి అలవాటయింది. 1960లలో హాన్స్ కుమ్మర్ ఇథియోపియాకు పోయి అవే బాబూన్లను వాటి సొంత నేలపై చూశాడు. మగది అక్కడ కూడ ఆడవాటిని అదిలించి తన వెంట తిప్పుకొంటున్న మాట నిజమే. కాని ఒక మగదాని కుటుంబంపై మరొకటి సాధారణంగా చెయ్యి వేయదు, ఊచకోత లేదు. ఒకదానినొకటి ఎరుగని జంతువులను ఇరుకు చోట కుక్కితే వచ్చిన రక్తపాతాన్ని 'ప్రకృతి' అని లోకం చదువుకున్నది. పైగా బాబూన్ నరవానరమే కాదు, కోతి.

హైదరాబాదువారికి ఈ సంగతి బోధపరచడానికి లండన్ దాకా పోనక్కరలేదు. బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో సూజీ అనే ఆడ చింపాంజీ చాలా ఏళ్లు ఒంటరిగా బ్రతికింది. పిల్లలు చూసి కేరింతలు కొట్టేవారు. ఎంత తెలివైన జీవి అయినా, తోడులేని ఒక్క చింపాంజీని చూసి చింపాంజీ ఆడదాని స్వభావం ఇదీ అని చెప్పగలమా? అక్క లేదు, తల్లి లేదు, పోటీ పడే మగది లేదు. స్వభావం అనేది ఒంటరి దేహంలో దాగి ఉండే వస్తువు కాదు. చుట్టూ ఎవరున్నారన్న దానిని బట్టి బయటపడేది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయానికి ఇది మొదటి మెట్టు.

ఇప్పుడు మన పెరటిలోకి వద్దాం. శంషాబాదు చుట్టుపట్ల గుడి గోపురాలపైనా పొలం గట్లపైనా కనిపించే కోతులు ముఖ్యంగా రెండు జాతులవి. తలపై టోపీ పెట్టుకున్నట్లు జుట్టు ఉండేది దక్షిణాదికి చెందిన పాత కాపు. ఎర్రని ముఖం, పొట్టి తోక గల రీసస్ జాతి ఉత్తరాది నుండి గోదావరి దాటి వచ్చి క్రమంగా దీని చోటును ఆక్రమిస్తున్నది. ఈ రెండు జాతులలోనూ ఇల్లు విడిచేది కొడుకు! మగపిల్ల ఈడు రాగానే పుట్టిన గుంపు వదలి పరాయి గుంపు అంచున చేరి, తిట్లూ దెబ్బలూ తిని, మెల్లగా చోటు సంపాదించుకొంటుంది. ఆడవి అమ్మమ్మ, అమ్మ, కూతురు, మనుమరాలు వరుసగా పుట్టిన చోటనే ఉండిపోతాయి. రీసస్ జాతిలో కూతురి హోదా తల్లి హోదాను బట్టి వస్తుంది; అక్కచెల్లెళ్లలో సాధారణంగా చిన్నదానిదే పై చేయి, ఎందుకంటే తగవు వస్తే తల్లి చిన్నదానివైపు నిలుస్తుంది. ఈ తల్లి వరుసను జపాను కోతులలో మొదట గుర్తించి 1958లో ప్రకటించిన వారు జపాను పండితులు కవామురా, కవాయి.

ప్రకృతి ధర్మం అనే వాదాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే, మన ఊరి కోతులను చూసి ప్రతి అల్లుడూ ఇల్లరికం పోవలసి ఉంటుంది.

ఇక అసలైన నరవానరాల మాట. మన దేశపు అడవులలో బ్రతికే నరవానరం ఒక్కటే, ఈశాన్య రాష్ట్రాలలోని హూలాక్ గిబ్బన్. అది రెండు జాతులా, ఒకటేనా అన్న సందేహాన్ని జన్యు పరీక్షతో తీర్చినవారు మన హైదరాబాదువారే. మెహిదీపట్నం నుండి శంషాబాదు విమానాశ్రయానికి పోయే దారిలో, అత్తాపూరు దగ్గర, సీసీఎంబీ వారి ల్యాకోన్స్ అనే ప్రయోగశాల ఉన్నది. అంతరించిపోతున్న జంతువుల సంరక్షణ దాని పని. భారతదేశంలో ఉన్నది ఒకే హూలాక్ జాతి అని అక్కడి శాస్త్రజ్ఞులు 2021లో తేల్చారు. ఈ గిబ్బన్లలో మగది నలుపు, ఆడది గోధుమ రంగు. పరిమాణంలో మాత్రం ఇంచుమించు సమానం. జంటగా బ్రతుకుతాయి, జంటగా పాడతాయి. పిల్లలు పెద్దయ్యాక కొడుకూ వెళ్లిపోతాడు, కూతురూ వెళ్లిపోతుంది. ఇద్దరికీ వేరు కాపురమే. వీటి దాయాది సియామంగ్ గిబ్బన్లలోనయితే, రెండవ ఏట పిల్లను మోసే పని చాలావరకు తండ్రిది.

కోతులలో కొడుకు వెళతాడు, గిబ్బన్లలో ఇద్దరూ వెళతారు, చింపాంజీలలో కూతురు వెళుతుంది. ప్రకృతి ఒక్క శాసనం రాయలేదు. మూడు రకాలుగా రాసింది. 2025లో 121 వానర జాతుల సమాచారాన్ని పోల్చి చూసిన ఒక అధ్యయనంలో, మగది నిశ్చయంగా ఆడదానిపై ఆధిపత్యం చేసే సమూహాలు అయిదింట ఒక వంతుకన్న తక్కువే తేలాయి.

అయినా చింపాంజీ మనకు దగ్గర బంధువు కదా, దాని సాక్ష్యానికి విలువ ఎక్కువ కదా అనవచ్చు. నిజమే. ఆ సాక్ష్యాన్నే నిదానంగా విందాం. 1960 జులైలో జేన్ గూడాల్ టాంగన్యీకా సరస్సు ఒడ్డున గోంబేలో అడుగుపెట్టింది. ఆమె 2025 అక్టోబరులో తన 91వ ఏట కన్నుమూసింది. ఆ పరిశోధన ఇంకా సాగుతున్నది. అక్కడ మగ చింపాంజీలు జట్లు కట్టడం, సరిహద్దులు కాయడం, ఆడవాటిని కొట్టడం అన్నీ కనబడ్డాయి. దానితో పాటే ఫ్లో అనే తల్లి కథ కూడ వెలుగులోకి వచ్చింది. ఫ్లో హోదా గల ఆడది. ఆమె కూతురు ఫిఫీ ఇల్లు విడిచి వెళ్లలేదు; పుట్టిన గుంపులోనే ఉండి, సంతానవతియై, పెద్ద హోదా సంపాదించింది. 1972లో ఫ్లో చనిపోతే ఎనిమిదేళ్లు దాటిన ఆమె కొడుకు ఫ్లింట్ తిండి మాని మూడు వారాలకే చనిపోయాడు. తల్లి అండ ఉంటే చింపాంజీ కూతురికి కూడ 'ఈడ'నే ఉండే వీలు కలిగిందన్నమాట. 2007లో సెనెగల్‌లోని ఫొంగోలీ నుండి మరొక వార్త వచ్చింది: అక్కడి చింపాంజీలు కర్రలను మొన చేసి, చెట్టు తొర్రలో దాగిన చిన్న జంతువులను పొడిచి వేటాడుతున్నాయి. ఈ పని ఆడవీ పిల్లలూ ఎక్కువగా చేస్తున్నాయి. 1966లో షికాగోలో జరిగిన 'మాన్ ద హంటర్' సదస్సు కాలం నుండి, వేటే మనిషిని మనిషిగా చేసిందనీ, వేట మగవాడిదనీ పాఠ్యగ్రంథాలు బోధిస్తూ వచ్చాయి. ఆ బోధనకు ఈ కర్రముక్క ఒక చిన్న చిక్కు తెచ్చిపెట్టింది.

చింపాంజీతో సమానంగా మనకు దగ్గరి బంధువు మరొకటి ఉన్నది. అది బొనోబో. కాంగో నదికి దక్షిణాన మాత్రమే బ్రతుకుతుంది. 2012లో దాని జన్యుపటం వెలువడినప్పుడు, మనతో దానికి గల పోలిక చింపాంజీకి గల పోలికంతే అని తేలింది. 1970లలో జపాను పండితుడు తకయోషి కానో వాంబా అనే పల్లె దగ్గర వీటి పరిశీలన మొదలుపెట్టాడు. బొనోబోలలో కూడ వెళ్లేది కూతురే. అయితే కొత్త గుంపులో చేరిన ఆ పిల్ల అక్కడి మగవాటి కాళ్లు పట్టుకోదు. ముందుగా ఒక పెద్ద ఆడదాని చెంత చేరి స్నేహం కలుపుకొంటుంది. రక్తసంబంధం లేని ఆడవి ఒక జట్టుగా నిలుస్తాయి. ఒక మగది ఆడదానిని వేధిస్తే నలుగురు ఆడవి ఒక్కటై తరుముతాయి. ఆరు గుంపులలో సుమారు 30 ఏళ్లుగా సేకరించిన సమాచారం 2025లో ప్రకటితమయింది: ఆడవి కట్టిన జట్లలో 85 శాతం మగవాటిపైనే గురిపెట్టాయి, ఆడ–మగ తగవులలో గెలుపు ఎక్కువగా ఆడవాటిదే. దేహబలంలో మగదే ఎక్కువ. బలం మగదానిది, గెలుపు ఆడదానిది! బొనోబోలు అహింసామూర్తులని అనుకోవద్దు. మగవి తమలో తాము చింపాంజీలకన్న తరచుగా కలహించుకొంటాయని 2024లో తేలింది. ఒక విగ్రహాన్ని దించి మరొక విగ్రహాన్ని ఎక్కించడం నా ఉద్దేశం కాదు.

ఈ రెండు జాతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ కూతురే ఇల్లు విడుస్తున్నది. ఒక చోట ఆమె ఒంటరిదై దెబ్బలు తింటున్నది. మరొక చోట జట్టులో చేరి గౌరవం పొందుతున్నది. ఇల్లు విడవడం రెండు చోట్లా ఒకటే కనుక తేడాకు కారణం అది కాదు. చేరిన చోట ఆమె పక్కన ఎవరు నిలుస్తున్నారు అన్నదే తేడా. ధార్వాడ దగ్గర 1962లో యుకిమారు సుగియామా మన కొండముచ్చులలో చూసిన ఘోరం కూడ ఈ వెలుగులోనే అర్థమవుతుంది. కొత్త మగది గుంపును ఆక్రమించగానే పాత మగదాని పసికూనలను చంపింది. 1971 నుండి ఆబూ కొండలపై వీటిని పరిశీలించిన సారా బ్లాఫర్ హర్డీ మరొక సంగతి చూసింది: కూనను కాపాడడానికి తల్లితో పాటు, ఇక తాను కనలేని వయసు వచ్చిన ముసలి ఆడది మగదానిపైకి దూకుతున్నది. వయసు మళ్లిన ఆడదానికి ఒక పని ఉన్నదని వానరశాస్త్రం ఆ కొండపై కొంత నేర్చుకున్నది.

ఈ ముసలి ఆడది అనే విషయమే మనిషి దగ్గరకు వచ్చేసరికి పెద్దదవుతుంది. చింపాంజీ తల్లి తన పసికూనను తొలి నెలలలో ఇతరుల చేతికి దాదాపుగా ఇవ్వదు. నాలుగైదేళ్లు పాలిస్తుంది. రెండు కాన్పుల మధ్య అయిదారేళ్ల ఎడం. వేట, సేకరణలపై బ్రతికిన మనుషులలో ఆ ఎడం మూడేళ్లకు అటూ ఇటూ. ఎక్కువ కాలం నిస్సహాయంగా ఉండే పిల్లలను మనిషి తల్లి తక్కువ ఎడంతో ఎలా పెంచగలిగింది? ఒక్కతే పెంచలేదు కనుక. టాంజానియాలోని హాద్జా జనులలో క్రిస్టెన్ హాక్స్, ఆమె సహచరులు చేసిన పరిశీలన 1980ల చివరి నుండి వెలువడుతూ వచ్చింది. దుంపలు తవ్వడంలో అందరికన్న ఎక్కువ శ్రమించేవారు కాన్పులు ఉడిగిన అమ్మమ్మలని అందులో తేలింది. కూతురు కొత్త బిడ్డతో ఉన్నప్పుడు పై పిల్లల కడుపు నింపేది ఆమె తవ్విన దుంపలే. రెబెకా సియర్, రూత్ మేస్ 2008లో 45 సమాజాల లెక్కలు సమీక్షించారు. పిల్లల ప్రాణాలు నిలవడానికి తల్లి తరువాత నమ్మకంగా తోడ్పడినవారు తల్లి తల్లులని ఎక్కువ చోట్ల కనబడింది. జర్మనీలో క్రుమ్‌హోర్న్ అనే ప్రాంతపు 18, 19 శతాబ్దాల చర్చి దస్తరాలను పరిశీలించిన ఇద్దరు పండితులు 2002లో ఒక చిత్రమైన సంగతి చెప్పారు: అమ్మమ్మ బ్రతికి ఉంటే పసివారి మరణాలు తగ్గాయి, నాయనమ్మ బ్రతికి ఉంటే, ముఖ్యంగా తొలి నెలలో, పెరిగాయి. అత్తాకోడళ్ల కథలు తెలుగువారి సొత్తు మాత్రమే కాదు!

ఇక్కడ చింపాంజీతో పోలిక తెగిపోతుంది. 2023లో ఉగాండాలోని న్గోగో చింపాంజీలలో కూడ కాన్పులు ఉడిగిన తరువాత చాలా ఏళ్లు బ్రతికే ఆడవి ఉన్నట్లు బయటపడింది. అంటే అక్కడా అమ్మమ్మలున్నారు. కాని వారు మనుమలను పెంచరు. ఎందుకంటే కూతురు ఎప్పుడో వెళ్లిపోయింది. ఏ గుంపులో ఉన్నదో తల్లికి తెలియదు. తెలిసినా ఆ గుంపు సరిహద్దు దాటి పోయి క్షేమంగా తిరిగి రాలేదు. కెనడా పండితుడు బెర్నార్డ్ షపే 2008లో ప్రచురించిన గ్రంథంలో ఈ సూక్ష్మాన్ని పట్టుకున్నాడు. ఇల్లు విడిచిన బిడ్డను కూడ బంధువుగా ఎంచుకోవడం మనిషి సాధించిన విశేషం. చింపాంజీ కూతురు వెళ్లిందంటే తెగిపోయినట్లే. మనిషి కూతురు వెళ్లిందంటే రెండు గుంపుల నడుమ వంతెన పడినట్లు.

ఆ వంతెనను నిలబెట్టడానికే తెలుగువారు ఇన్ని ఆచారాలు కల్పించుకున్నారని నాకు అనిపిస్తుంది. మొదటి కాన్పు పుట్టింట జరగాలి. పురుడు పోసేది తల్లి. పసుపూ కారమూ పెట్టేది తల్లి. తెలంగాణలో పెళ్లయిన బిడ్డను పిలిచి ఒడిబియ్యం పోస్తారు. ఏళ్లు గడిచినా, ఆమె తల నెరిసినా, అన్నదమ్ములు ఆ పిలుపు మానరు. బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టిన ఊరికి తిరిగివస్తారు. వేర్వేరు ఊళ్ల కోడళ్లయినవారు ఒక ఊరి బిడ్డలుగా చేతులు కలిపి వలయంగా తిరుగుతారు. మేనరికం ఆచారంలో కూతురు మేనమామ ఇంటికో, మేనత్త ఇంటికో పోతుంది. అత్తగారు ముందే ఎరిగిన మనిషి. దగ్గరి రక్తసంబంధం వల్ల బిడ్డలకు వచ్చే జబ్బుల గురించి వైద్యులు చేసే హెచ్చరిక సరైనదే, ఆ ఆచారం తగ్గిపోవడమూ మంచిదే. కాని దాని సామాజిక ప్రయోజనాన్ని గుర్తించకపోవడం సరికాదు. ఇరావతీ కర్వే 1953లో ప్రచురించిన గ్రంథంలో ఉత్తరాది, దక్షిణాది చుట్టరికాల తేడాను వివరించింది: అక్కడ కూతురిని ఎరుగని దూరపు ఊరికి ఇస్తారు, ఇక్కడ ఎరిగిన ఇంటికి ఇస్తారు. టిమ్ డైసన్, మిక్ మూర్ 1983లో దీనినే మరొక మెట్టు ముందుకు తీసుకుపోయారు. పుట్టింటి తోడు తెగని దక్షిణాదిలో స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువ, పసిపిల్లల మరణాలు తక్కువ అని వారు చూపారు. నెల్లూరు, రాయలసీమ ప్రాంతాల రెడ్డి, కమ్మ కుటుంబాలలోని ఇల్లటపు అల్లుడి ఆచారాన్ని బ్రిటిషు కాలపు మద్రాసు న్యాయస్థానాలు గుర్తించాయి. కొడుకు వెళ్లే పద్ధతి కూడ మన ఇళ్లలో ఉండనే ఉన్నది.

ఈ పాత ఆచారం కొత్త రూపంలో ఎలా బ్రతుకుతున్నదో చూడాలంటే శంషాబాదు విమానాశ్రయానికి పోవాలి. 2008 మార్చి 23న విమానాలు బేగంపేట నుండి ఇక్కడికి మారాయి. అప్పటి నుండి అర్ధరాత్రి దాటాక విదేశాలకు పోయే ద్వారం దగ్గర ఒక దృశ్యం సాధారణమైపోయింది. అరవై దాటిన తల్లులు, పచ్చళ్లూ పొడులూ కాయపు సామగ్రీ సర్దిన పెట్టెలతో, డల్లాసుకో న్యూజెర్సీకో కూతురి పురిటికి బయలుదేరుతారు. పూర్వం కూతురు తల్లి దగ్గరకు వచ్చేది. ఇప్పుడు తల్లి కూతురి దగ్గరకు పోతున్నది. చాలా ఇళ్లలో మొదటి ఆరు నెలలు అమ్మమ్మ, తరువాతి ఆరు నెలలు నాయనమ్మ అని వంతులు వేసుకొంటారు. ఏ నరవానరమూ చేయలేని పని ఇది. సముద్రాలు దాటి పోయిన కూతురు కూడ 'ఆడ' పిల్ల కాలేదనడానికి ఆ పచ్చడి జాడీ కన్న గట్టి సాక్ష్యం ఏమి కావాలి? అయితే ఒక హెచ్చరిక. హాద్జా అమ్మమ్మ దుంప తవ్వింది కాబట్టి అమ్మమ్మ జన్మ చాకిరీకే అని ఎవరైనా అంటే, అది కూడ పాత వాదానికి కొత్త చొక్కా తొడగడమే. పిల్లను మోసే సియామంగ్ తండ్రిని కూడ తాతలూ తండ్రులూ ఒకసారి తలచుకోవాలి.

అదే శంషాబాదులో ఈ కథకు రెండవ ముఖం ఉన్నది. అది నేల. వేట, సేకరణలపై బ్రతికే 32 సమాజాల లెక్కలను 2011లో కొందరు పండితులు పరిశీలించారు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పెద్దయ్యాక కూడ ఒకే బిడారులో ఉండడం, దంపతులు భార్యవైపైనా భర్తవైపైనా ఉండడం సాధారణమని తేలింది. కొడుకు కదలకూడదు, కూతురు కదలాలి అన్న నియమం గట్టిపడినది నాగలి వచ్చి, నేలకు గట్టు వేసి, ఆ గట్టుకు వారసుడిని వెతకడం మొదలయ్యాక. అంటే ఈ నియమానికి మూలం చింపాంజీలో కన్న పట్టాదారు పుస్తకంలో వెతకడం మేలు.

మన చట్టాల చరిత్రే దీనికి సాక్షి. నందమూరి తారక రామారావు ప్రభుత్వ కాలంలో హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ వచ్చింది. అది 1986 నాటి చట్టం. 1985 సెప్టెంబరు 5 నుండి అమలు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. కేంద్రం దేశమంతటికీ ఆ పని చేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అంతటి ముందుచూపు గల చట్టంలోనూ ఒక మెలిక పెట్టారు: ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు ఈ హక్కు లేదు. వెళ్లిపోయింది కదా, ఇక 'ఆడ' పిల్లే అన్నమాట! ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేదు, చెల్లెలికి ఉన్నది. 2005 నాటి కేంద్ర సవరణ పెళ్లయిన కూతురు, కాని కూతురు అనే భేదం చూపలేదు. ఆ ఏటి సెప్టెంబరు 9 నాటికి తండ్రి బ్రతికి ఉండాలా అన్న చిక్కును వినీతా శర్మ కేసులో సుప్రీం కోర్టు 2020లో విడదీసింది: కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి జీవించి ఉండవలసిన పని లేదు.

ఈ చట్టం కాగితంపై పూర్తి అవుతున్న ఏళ్లలోనే శంషాబాదు నేల రూపం మారిపోయింది. దాదాపు 5,500 ఎకరాలు విమానాశ్రయానికి పోయాయి. బాహ్యవలయ రహదారి వచ్చింది. జొన్న, కంది పండిన చెలకలు గజాల లెక్కన అమ్ముడయ్యే స్థలాలయ్యాయి. పంట పండించే నేలగా ఉన్నప్పుడు కూతురు అడగలేదు, అన్న ఇవ్వలేదు, ఒడిబియ్యంతో సరిపోయింది. నేల విలువ కోట్లలోకి పోయాక, ఆడబిడ్డ సంతకం అవసరమయింది. "పసుపు కుంకుమల కింద నీకు ఇవ్వవలసినది ఇచ్చేశాం" అని చెప్పి హక్కు విడుదల పత్రం ముందు పెట్టే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. సంతకం పెట్టకపోతే పుట్టిల్లు పోతుందని భయం. పెడితే హక్కు పోతుంది. ఆమె ముందు నిలిచిన ప్రశ్న నేల గురించి మాత్రమే కాదు. రేపు బతుకమ్మకు పిలుపు వస్తుందా, కూతురి పెళ్లికి మేనమామ వస్తాడా, భర్త చేయి ఎత్తితే అడగడానికి ఎవరైనా ఉంటారా అన్నది. ఆ వంతెనకే వెల కట్టి అమ్మమంటున్నారు. ఈ బేరంలో తోడబుట్టినవారు తెలియకుండానే ఆమెను బొనోబో గుంపులోనుండి తీసి, ఒంటరి చింపాంజీగా నిలబెడుతున్నారు.

శంషాబాదు పక్కనే ముచ్చింతలలో 2022 ఫిబ్రవరిలో రామానుజుల 216 అడుగుల విగ్రహాన్ని ఆవిష్కరించి సమతామూర్తి అని పేరు పెట్టారు. విమానం దిగేవారికి దూరం నుండి కనబడుతుంది. సమత అన్న మాటను అంత ఎత్తున నిలిపిన ఊళ్లలో అన్నాచెల్లెళ్ల నడుమ ఒక సంతకం దగ్గర ఆ మాట తడబడకూడదు.

మిత్రులారా, ఉన్నది చూసి ఉండవలసినది నిర్ణయించడం తర్కానికి నిలవదు. నరవానరం మనకు గురువు కాదు, చట్టకర్త అంతకన్న కాదు. కాని సాక్షిగా పిలిస్తే దాని వాఙ్మూలం పూర్తిగా వినాలి. నిశ్చయంగా దాని నోట వినబడేది ఇంతే: ఏ జాతిలోనైనా ఆడదాని బ్రతుకు ఆమె కండబలం కన్న ఎక్కువగా ఆమె పక్కన నిలిచేవారిని బట్టి మారుతున్నది. వెళ్లిపోయిన బిడ్డను మనదే అనుకొనే శక్తి మనిషికి మాత్రమే దక్కింది. ఆ శక్తిని ఒక శ్లేష కోసం, నాలుగు గజాల నేల కోసం వదులుకొంటే, మనం వెనక్కి పోతున్నది సంప్రదాయానికి కాదు. మనిషి మనిషి కాకముందటి కాలానికి. రేపు మీ ఇంట ఎవరైనా "ఆడ పిల్ల" అన్నప్పుడు, దయచేసి ఆ అరసున్నను ఒకసారి గుర్తు చేయండి.